మూడు మూలల ఇంజను: ఒక పాత ట్రక్కు పునరుద్ధరణ

పాత మోటారు బండిని బాగుచేయుట అనగానే మనకు తట్టునది పిస్టను ఇంజను పనియే. పిస్టను అరిగినచో సిలిండరును కొంచెము వెడల్పుగా బోరు చేయింతురు. దానికి తగిన పెద్ద కొలత పిస్టనును, రింగులను వేయుదురు. బండి మరల రోడ్డెక్కును. లారీ షెడ్ల వద్ద లేతు పనివారు నిత్యము చేయు పని యిది. కాని ఈ ఉపాయము బొత్తిగా చెల్లని ఇంజను ఒకటి కలదు. అందులో పిస్టను లేదు, గుండ్రని సిలిండరు లేదు, తెరచి మూసెడు కవాటములు లేవు. మూడు మూలల రోటరు ఒకటి, నడుము కొంచెము నొక్కుకుపోయిన గదిలో తిరుగుచుండును. దీనినే రోటరీ ఇంజను అందురు. ఇట్టి ఇంజనును బాగుచేయువాడు మొదట కొంత జ్యామితి నేర్చుకొనవలసి యుండును.

ఈ ఇంజనుతో కార్లు పెక్కు వచ్చినవి గాని, సరుకులు మోయు పికప్ ట్రక్కు ఒక్కటే వచ్చినది. జపానులోని హిరోషిమాలో నున్న మాజ్డా సంస్థ (అప్పటి పేరు టోయో కోగ్యో) దానిని 1974 నుండి 1977 వరకు ఉత్తర అమెరికా విపణి కొరకే తయారు చేసెను. జపానులో కూడ దానిని అమ్మలేదు. తయారైనవి సుమారు 15,000 మాత్రమే. వెడల్పైన చక్రపు రెక్కలు, గుండ్రని వెనుక దీపములు, సరుకుల తొట్టి క్రింద అమర్చిన బ్యాటరీ దాని గురుతులు. ముందు భాగములో 13బి అను రోటరీ ఇంజను, శక్తి సుమారు 110 అశ్వశక్తి. ఆ దినములలో ఒక చిన్న ట్రక్కుకు ఇది చాల ఎక్కువ. అమెరికాలో ఈనాడు కొందరు అభిరుచిగలవారు వీనిని పాత గోదాములనుండియు, పొలముల గట్లనుండియు వెదకి తెచ్చి బాగుచేయుచున్నారు. కొందరు యథాతథముగ నిలుపుదురు. కొందరు మార్పులు చేసి వేగము పెంచుదురు. ఈ రెండు మార్గముల మధ్య వచ్చు చిక్కు అంతయు ఇంజను నిర్మాణమునుండియే పుట్టుచున్నది.

ఈ ఇంజనునకు మూలపురుషుడు జర్మనీ దేశస్థుడైన ఫెలిక్స్ వాంకెల్ (1902–1988). ఎన్.ఎస్.యు. సంస్థలో 1957లో మొదటి నమూనా తిరిగినది. అందులో రోటరే గాక దాని చుట్టునున్న పెట్టె కూడ తిరుగుచుండెను. స్పార్కు ప్లగ్గు మార్చవలెనన్న ఇంజనునంతటిని విప్పవలసి వచ్చెడిది. హాన్స్ డీటర్ పాష్కే అను ఇంజనీరు పెట్టెను కదలకుండ నిలిపి, రోటరు మాత్రమే తిరుగునట్లు మార్చెను. వాంకెలుకు ఈ మార్పు నచ్చలేదు. లోకమున నిలిచినది మాత్రము పాష్కే పద్ధతియే. 1961లో మాజ్డా వారు ఎన్.ఎస్.యు. నుండి అనుమతి పొంది, 1967లో కాస్మో స్పోర్ట్ అను కారును విడుదల చేసిరి.

రోటరు కదలిక ఎట్టిదో ముందు చూతము. రుబ్బురోలులో పొత్రమును తిప్పునపుడు అది రోలు మధ్యబిందువు చుట్టు తిరుగుచు, తన చుట్టు తానును మెల్లగా తిరుగును. రోటరు చలనము ఇట్టిదే. పొత్రపు తిరుగుడుకు లెక్క లేదు, రోటరు తిరుగుడుకు మాత్రము ఖండితమైన లెక్క కలదు. రోటరు నడుమ లోపలివైపు పండ్లున్న చక్రము, దాని లోపల పెట్టెకు బిగించిన చిన్న పండ్ల చక్రము ఉండును. ఈ రెంటి వ్యాసముల నిష్పత్తి 3:2. అందువలన రోటరు కేంద్రము మూడు చుట్లు తిరిగినపుడు రోటరు తన చుట్టు తాను ఒక్క చుట్టు తిరుగును. ఇంజను శక్తిని బయటికి తెచ్చు ఇరుసు ఆ కేంద్రముతోపాటే తిరుగును గనుక, రోటరు ఒక చుట్టు తిరుగులోపల ఇరుసు మూడు చుట్లు తిరుగును.

దీనిని తరగతిలో అట్టముక్కలతో గీసి చూడవచ్చును. 6 సెం.మీ. వ్యాసముగల బిళ్ల నొకదానిని మందపు అట్టతో కత్తిరించి, పెద్ద కాగితము నడుమ గట్టిగా అంటింపుడు. మరియొక పెద్ద అట్టలో 9 సెం.మీ. వ్యాసముగల రంధ్రము చేయుడు. ఆ రంధ్రపు కేంద్రమునుండి 10.5 సెం.మీ. దూరమున పెన్సిలు మొన పట్టునంత బొక్క పెట్టుడు. రంధ్రపు అంచును బిళ్ల అంచునకు ఆనించి, జారనీయక దొర్లించుచు పోయినచో పెన్సిలు ఒక వక్రమును గీయును. జారకుండుటకు అంచులకు గరుకు కాగితము అంటించిన మేలు. వక్రము పొడవు 24 సెం.మీ., అడ్డము 18 సెం.మీ. ఉండును. నడుము రెండు వైపుల కొంచెము లోపలికి నొక్కుకొని యుండును. దీని పేరు ఎపిట్రోకాయిడు. ఇది ఊహకు తోచిన బొమ్మ కాదు. పైన చెప్పిన ట్రక్కు ఇంజను గదికి ఇదియే నిజమైన కొలత. పెన్సిలు వలె 120 డిగ్రీల ఎడముతో మరి రెండు బిందువులు గుర్తించినచో అవియును అదే గీత వెంట నడచును. ఆ మూడు బిందువులే రోటరు మూడు మూలలు.

మూడు మూలలు ఎల్లప్పుడును గోడకు తాకుచుండుటచే గది మూడు అరలుగా విడిపోవును. రోటరు తిరిగిన కొలది ప్రతి అర పెద్దదగుచు, చిన్నదగుచు నుండును. పెద్దదగునపుడు పెట్రోలు కలిసిన గాలిని పీల్చును. చిన్నదగునపుడు దానిని నొక్కును. నిప్పంటుకొని వ్యాకోచించినపుడు రోటరును త్రోయును. మరల చిన్నదగునపుడు పొగను వెళ్లగొట్టును. నాలుగు పనులును పిస్టను ఇంజనులో జరుగునవే. ఒక అర గరిష్ఠ, కనిష్ఠ పరిమాణముల భేదమునకు సూత్రమున్నది: 3 × √3 × (రెండు కేంద్రముల మధ్య దూరము) × (కేంద్రమునుండి మూలకు దూరము) × (రోటరు మందము). ఇంజనులో ఇవి వరుసగా 1.5, 10.5, 8 సెం.మీ. హెచ్చించిన 654.7 ఘనపు సెంటీమీటర్లు వచ్చును. మాజ్డా వారు ప్రకటించిన సంఖ్య 654. రెండు రోటర్లకు 1308. ఇరుసు ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క రోటరు ఒక త్రోపు నిచ్చును. నాలుగు పనుల పిస్టను ఇంజనులో సిలిండరు ఒక త్రోపు నిచ్చుటకు రెండు చుట్లు కావలెను. కావున 1308 ఘ.సెం.మీ. రోటరీ, 2616 ఘ.సెం.మీ. పిస్టను ఇంజనుతో సమానముగ గాలిని మ్రింగును. చిన్న పెట్టెలో ఇంత శక్తి ఎట్లు వచ్చెనన్న ప్రశ్నకు, ఇంత పెట్రోలు ఎట్లు తాగెనన్న ప్రశ్నకు కూడ జవాబులో కొంత ఇందులోనే యున్నది.

ఇక అసలు కష్టము మూలల వద్ద. గోడకును మూలకును నడుమ వాయువు జారిపోకుండ ప్రతి మూలలోను ఒక సన్నని లోహపు పట్టీ, దాని వెనుక స్ప్రింగు ఉండును. ఇదే మూల సీలు. పక్క గోడల వైపు పక్క సీళ్లు, అవి కలియు చోట చిన్న గుండ్రని మూల బిళ్లలు. ఒక్కొక్క రోటరుకు 3 మూల సీళ్లు, 6 బిళ్లలు, 6 పక్క సీళ్లు. పిస్టను రింగు పైకి క్రిందికి పోవునపుడు రెండు కొనల వద్ద క్షణము ఆగును. మూల సీలుకు ఆ విశ్రాంతి లేదు. ఇరుసు నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునపుడు రోటరు 2,000 చుట్లు తిరుగును. అప్పుడు మూల వేగము నడుము వద్ద సెకనుకు సుమారు 12.5 మీటర్లు, కొనల వద్ద 31 మీటర్లకు పైన. వేగము మారుచున్నది, గోడను నొక్కు బలము మారుచున్నది, గోడకు ఆను కోణము కూడ 25 డిగ్రీల వరకు అటునిటు ఊగుచున్నది. ఇన్ని మారుచుండగా సీలు అదరకుండ జారవలెను.

మొదటి నమూనాలలో అది అదరినది. గది గోడపై వరుసగా అలల వంటి గీతలు పడినవి. హిరోషిమా ఇంజనీర్లు వీనిని దయ్యపు గోళ్ల గీతలనిరి. కెనిచి యమమోతో నాయకత్వమున 47 మంది ఇంజనీర్ల బృందము ఈ సమస్యపై కూర్చుండెను. కారణము సీలు యొక్క సహజ కంపనమని తేలినది. ప్రతి వస్తువునకు తనదైన కంపన సంఖ్య యుండునని విద్యార్థులు ధ్వని పాఠములో చదివియుందురు. సీలు లోపల అడ్డముగ రంధ్రములు చేసి ఆ సంఖ్యను మార్చగా గీతలు మాయమైనవి. కాని అట్టి సీళ్లను ఫ్యాక్టరీలో రాశులుగ చేయుట కష్టము. తుదకు కర్బనమును అల్యూమినియముతో కలిపి చేసిన సీళ్లు కాస్మో కారులోనికి ఎక్కినవి. తరువాత లోహపు సీళ్లు వచ్చినవి. మందము మొదట 6 మి.మీ., పిమ్మట 3, 1986 తరువాత 2 మి.మీ.

ఇంత తెలిసిన తరువాత పాత ట్రక్కు దగ్గరకు పోవచ్చును. ముప్పది నలువది ఏండ్లు కదలక నిలిచిన ఇంజనును వెంటనే స్టార్టరుతో తిప్పుట తగదు. సీళ్లు తమ గాడులలో మసితోను, త్రుప్పుతోను అతుకుకొని యుండును. ప్లగ్గులు తీసి, రంధ్రములలో కొంచెము నూనె పోసి, ఒకటి రెండు దినములు నానబెట్టి, చేతితో మెల్లగా తిప్పవలెను. కదలిన పిమ్మటనే పీడన పరీక్ష.

ఈ పరీక్ష చక్కని తర్కపు పాఠము. మామూలు పీడనమాపకము తాను చూచిన పెద్ద సంఖ్యను పట్టుకొని నిలుచును. రోటరు మూడు ముఖములలో రెండు చెడి, ఒకటి బాగున్నను అంతా బాగున్నట్లే చూపును. అందుచేత మాపకములోని నిలుపు కవాటమును తీసివేసి, ముల్లు మూడుసార్లు ఎగురుటను చూడవలెను. మూడు ఎగురులు సమముగా నుండవలెను. వరుసగా రెండు తగ్గినవనుకొందము. రెండు అరలకును ఉమ్మడి గోడ మూల సీలే గనుక, ఆ రెండు ముఖముల నడుమనున్న మూల సీలు చెడినదని సాధారణముగా ఊహింపవచ్చును. ఒక్కటే తగ్గినచో దోషము ఆ ముఖపు పక్క సీలులో నుండవచ్చును. ఇరుసు 250 చుట్ల వేగమున తిరుగునపుడు పీడనము చదరపు సెంటీమీటరుకు 6 కిలోగ్రాములకు తగ్గకూడదని, అరకు అరకు భేదము 1.5 మించకూడదని 13బి ఇంజనులకు నియమము.

పరీక్షలో తప్పినచో ఇంజనును విప్పవలసినదే. వెనుకనున్న ఫ్లైవీలు నట్టు 54 మి.మీ. కొలతది. బిగింపు 40 కిలోగ్రాము-మీటర్లకు పైమాట. మీటరు పొడవు కడ్డీ చివర ఒక పెద్ద విద్యార్థి కూర్చున్నంత బలమన్నమాట. అది వదలిన తరువాత పని సులువు. ఇంజను పొరలు పొరలుగా విడివడును: ఇనుప పలక, అల్యూమినియము గది, నడిమి ఇనుప పలక, రెండవ గది, చివరి ఇనుప పలక. పొడవాటి బోల్టులు వీనినన్నిటిని గ్రుచ్చి పట్టుకొని యుండును. పొరల నడుమ నీరు పోవు దారుల చుట్టు రబ్బరు వలయములుండును. చాల ట్రక్కులలో మొదట చచ్చునవి ఈ రబ్బరు వలయములే. చల్లని ఇంజను కదలించినపుడు తెల్లని ఆవిరి వచ్చుట, రేడియేటరులో బుడగలు లేచుట వాని లక్షణములు.

ఇప్పుడు పనివాని చూపు గది లోపలి గోడపై నిలువవలెను. అల్యూమినియము మెత్తనిది గనుక లోపల ఉక్కు రేకు అమర్చి, దానిపై గట్టి క్రోమియము పూత పూసియుందురు. మూల సీలు జారునది ఈ పూత పైననే. పూత పలుచన. అది పెచ్చులూడినచో, లోతుగా గీసుకొన్నచో, బోరు చేయుటకు వీలు లేదు. గుండ్రని సిలిండరును ఒక మిల్లీమీటరు పెంచిన దాని ఆకారము మారదు. ఇచటనో, గోడ గీత 6, 9, 10.5 సెంటీమీటర్ల ఆ మూడు కొలతలకు కట్టుబడి యున్నది. పెద్ద కొలత రోటరు అంగడిలో దొరకదు. గోడను చెక్కినచో పూతయే పోవును. ప్రత్యేక కర్మాగారములలో తిరిగి పూత వేయించుట యొక్కటే మార్గము, లేదా మంచి గదిని వేరొక ఇంజనునుండి సంపాదించుట. ఇనుప పలకలు ఇంత కఠినములు కావు. వాని ముఖము చదునైనది గనుక కొంత అరుగుదలను రాచి సరిచేయవచ్చును. సీళ్లు, స్ప్రింగులు, రబ్బరు వలయములు ఎట్లును క్రొత్తవే వేయుదురు. ఖర్చంతయు ఎక్కడ పడునో గోడను చూచిన మాత్రమున తెలియును. ట్రక్కు కొనువారు రంగును, సీట్లను చూచి మురియుట కంటె, పొగగొట్టపు రంధ్రమునుండి చిన్న దీపముతో ఆ గోడను చూచుట మేలు.

మరల కూర్చునపుడు ఇరుసు ముందు వెనుకల కదలిక 0.04 నుండి 0.07 మి.మీ. లోపల నుండవలెను. ఇది తల వెండ్రుక మందమునకు దగ్గరి మాట. ముందువైపు నుండు ఒక చిన్న వలయమును మార్చి దీనిని సరిచేయుదురు.

బండి శరీరమును గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. త్రుప్పు ఎక్కడైనను త్రుప్పే. చిన్న ఇనుప భాగములను చాకలిసోడా నీటిలో ముంచి బ్యాటరీ చార్జరు ఋణ ధ్రువమునకు కలిపి, ధన ధ్రువమునకు పాత ఇనుప ముక్క తగిలించినచో త్రుప్పు వదలును. ధన ధ్రువమునకు స్టెయిన్‌లెస్ ఉక్కు వాడరాదు. అందలి క్రోమియము విషపదార్థముగ నీటిలో కలియును. తలుపులు, అద్దములు వంటివి అదే కుటుంబపు పిస్టను ట్రక్కులనుండి, ఫోర్డు పేరుతో అమ్మిన కొరియరు నుండి తెచ్చుకొనవచ్చును. దొరకనివి ఈ ట్రక్కుకే ప్రత్యేకమైన రెక్కలు, ముందు జాలి.

నూనె విషయము మాత్రము మరువరాదు. ఈ ఇంజను నూనె తాగుట రోగము కాదు. మూల సీలు గోడపై జారుటకు నూనె కావలెను గనుక, ఒక చిన్న పంపు కొలత ప్రకారము నూనెను కార్బురేటరులోనికి పంపును. అది కాలిపోవును. పంపు ముసలిదై ఆగినచో డ్రైవరుకు ఏ సూచనయు లేకయే గోడ గీసుకొనును. అందుచే పెక్కుమంది ఆ పంపును తీసివేసి, మన పాత స్కూటర్లకు పోసినట్లు పెట్రోలులోనే టూ స్ట్రోకు నూనెను కలుపుదురు. ఈ నూనె కాలుటకే తయారైనది గనుక బూడిద తక్కువ. కలుపుట మరచిన నాడు మాత్రము పెద్ద నష్టమే. నూనెకు రెండవ పని కూడ కలదు. రోటరు లోపలి భాగమును చల్లబరచునది నూనెయే. నూనెను చల్లార్చు రేడియేటరు మూసుకొనిపోయినచో నీటి రేడియేటరు ఎంత బాగున్నను ప్రయోజనము లేదు.

మార్పులకు వత్తము. ట్రక్కు వచ్చిన నాటి అసలు లోపము పెట్రోలు ఖర్చు. రోటరీ అర పొడవుగా, సన్నగా ఉండి, మంట పుట్టిన చోటు నుండి కదలిపోవుచుండును. అందుకే ఒక్కొక్క రోటరుకు రెండు ప్లగ్గులు. అయినను గోడల దగ్గరి మిశ్రమము కాలక మిగులును. అమెరికా పొగ నియమములకు లోబడుటకు మాజ్డా వారు పొగగొట్టము మొదట ఉష్ణ రియాక్టరు అను దళసరి పెట్టెను అమర్చి, అందులోనికి గాలిని ఊది, మిగిలిన ఇంధనమును అక్కడ కాల్చిరి. అది చల్లారకుండుటకు మిశ్రమములో పెట్రోలు పాలు ఎక్కువ ఉంచవలసి వచ్చెను. 1973 అక్టోబరులో చమురు సంక్షోభము వచ్చిన తరుణమున మాజ్డా రోటరీ కార్లు అమెరికా నగర పరీక్షలో గాలనుకు పది పదకొండు మైళ్లే నడచినవి, అనగా లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు. ట్రక్కు పుట్టినదే ఆ కష్టకాలమున.

బాగుచేయువారిలో చాలమంది ఆ రియాక్టరును విప్పి మామూలు గొట్టములు వేయ గోరుదురు. ఇచట చట్టము అడ్డు వచ్చును. పొగ తగ్గించు పరికరమును తొలగించుట అమెరికాలో నిషిద్ధము. ఆవర్తన తనిఖీ విషయమున కాలిఫోర్నియా రాష్ట్రము 1975 వరకు గల నమూనాలకు మినహాయింపు నిచ్చినది, 1976 మొదలు లేదు. చూచుటకు ఒకే తీరుగనున్న రెండు ట్రక్కులలో ఒకటి తనిఖీకి పోవలెను, రెండవది పోనక్కరలేదు.

శక్తిని పెంచు రెండవ మార్గము గాలి ద్వారములను పెద్దవి చేయుట. కవాటములు లేవు గనుక, ఇనుప పలకలోని రంధ్రమును రోటరు పక్కభాగమే మూయుచు తెరచుచు నుండును. రంధ్రపు అంచు ఎక్కడ నున్నదో, గాలి అప్పుడే మొదలగును, అప్పుడే ఆగును. అంచును కొంచెము చెక్కి ద్వారము ఆలస్యముగ మూయబడునట్లు చేసినచో వేగముగ తిరుగునపుడు ఎక్కువ గాలి లోనికి పోవును. మెల్లగా తిరుగునపుడు లోనికి వచ్చిన గాలి కొంత వెనుకకు పోవును. ఇంకను సాహసించువారు రంధ్రమునకు పైన కనుబొమ వంటి రెండవ రంధ్రము చెక్కి, నడుమ సన్నని ఇనుప వంతెన మిగుల్తురు. మూల బిళ్ల ఆ వంతెన మీదుగ దాటవలెను. ఇట్టి ఇంజను నిలుకడగా మెల్లగ తిరుగనే తిరుగదు, ఎగిరెగిరి పడును. పందెపు కారుకు సరే. సరుకులు మోయు ట్రక్కు బయలుదేరునపుడే బలము కావలెను, ఈ మార్పు బలమును అక్కడినుండియే తీసివేయుచున్నది. పైగా చెక్కిన ఇనుము తిరిగి రాదు. పదునైదు వేల ట్రక్కులతో వచ్చిన పలకలలో ఒకటి తరిగినట్లే.

ఇందుకు వేరొక దారి యున్నది. 1967 కాస్మో నుండి 2012లో నిలిచిపోయిన ఆర్‌ఎక్స్-8 వరకు ఈ వంశపు ఇంజనులన్నిటిలో 1.5, 10.5 అను కొలతలు మారలేదు. మారినది మందము, ద్వారములు, ఇంధనమును చిమ్ము పద్ధతి. అందుచే ఆర్‌ఎక్స్-7 కారులోని తరువాతి 13బి ఇంజనును కొద్దిపాటి బిగింపు పలకల మార్పుతో ట్రక్కులో దింపవచ్చును. టర్బో గలది దింపువారును కలరు. అట్టివారు మిశ్రమమును, నిప్పురవ్వ కాలమును మిక్కిలి జాగ్రత్తగ సరిచూడవలెను. మిశ్రమము అకాలమున ప్రేలినచో సన్నని మూల సీలు విరిగి, ముక్క గోడను ఒక్క చుట్టులోనే గీసిపోవును. శక్తి ఇబ్బడించినపుడు బ్రేకులు పాతవే యుండుటయు తగదు. వేగము రెట్టింపైన గతిశక్తి నాలుగింతలగునని విద్యార్థులకు తెలిసినదే.

ఇట్లు మార్చువారిలో వివేకము గలవారు పాత ఇంజనును అమ్మరు. ప్లగ్గుల రంధ్రములలో నూనె పోసి, ద్వారములన్నిటిని మూతలు బిగించి, పొడిచోట బల్లపై ఉంచుదురు. నెలకొకసారి ఇరుసును చేతితో మూడు చుట్లు త్రిప్పుదురు. మూడు చుట్లకు రోటరు ఒక చుట్టు తిరిగి, ప్రతి సీలును గోడ వెంట ఒకసారి నడచివచ్చును.